పాస్టరు గారికి ‘వద్దండీ’ అని చివరిసారి చెప్పిందెవరు?

ఒక సంఘం ఆరోగ్యంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఆరాధనకు ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టనక్కర్లేదు. అక్కడి పెద్దల్ని విడివిడిగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగితే చాలు. పాస్టరు గారికి ‘వద్దండీ, ఇది సరికాదు’ అని చివరిసారి చెప్పిందెవరు, ఆ తర్వాత ఆ మనిషి ఏమయ్యాడు? ‘పోయిన నెల ఫలానా ఆయన చెప్పారు, మేం ఆ పని మానుకున్నాం, ఆయన ఇప్పటికీ సండే స్కూల్ చూసుకుంటున్నారు’ అని జవాబొస్తే, ఎన్ని లోపాలున్నా ఆ సంఘంలో ఇంకా గాలి ఆడుతోంది. ఎవరికీ ఎవరూ గుర్తురాకపోయినా, గుర్తొచ్చిన ఒక్క మనిషీ ఇప్పుడు ఆ సంఘంలో లేకపోయినా, రెండో ప్రశ్న అడగనక్కర్లేదు.

పెత్తనం చేసే నాయకుడంటే గొంతు పెంచి, వేలు చూపించి మాట్లాడేవాడని చాలామంది అనుకుంటారు. అలాంటివాళ్లను గుర్తుపట్టడం సులువే. కష్టమల్లా మెత్తగా మాట్లాడేవాళ్లతో. ‘మీ ఇష్టం బ్రదర్, కానీ నా ఆత్మలో సమాధానం లేదు’ అన్న ఒక్క మాటతో ఒక కుటుంబం కూతురి పెళ్లి మాట వెనక్కి తీసుకుంటుంది. అందులో అరుపు లేదు, బెదిరింపు లేదు. తర్వాత ఎవరైనా అడిగితే ‘నేను వద్దనలేదే’ అని ఆయన నిజాయితీగానే అనగలడు. అందుకే ఈ విషయాన్ని మనిషి స్వభావం దగ్గర మొదలుపెట్టి చూస్తే దారి తప్పుతాం. సంఘంలో పెత్తనం పుట్టేది గర్వంలోనే కావచ్చు, దాన్ని బతికించేవి మాత్రం అక్కడి ఏర్పాట్లు. డబ్బు, ప్రసంగ వేదిక, సమాచారం, మనుషుల్ని చేర్చుకునే, తీసేసే అధికారం, ఈ నాలుగూ ఒకే చేతిలో ఉంటే ఎంత మంచి కాపరికైనా అది ప్రమాదమే. కాబట్టి కట్టుబాట్లు రాసుకోవాల్సింది కాపరి మంచివాడుగా ఉన్న రోజుల్లోనే. ఆయన మారిపోయాక రాద్దామంటే రాయనిచ్చేవాళ్లు ఉండరు.

ఇది దాదాపు ఎప్పుడూ మంచి పనితోనే మొదలవుతుంది. సంఘం పెట్టిన కొత్తలో ఇరవై మంది ఉంటారు. కుర్చీలు వేసేది ఆయనే, పాట ఎత్తేది ఆయనే, వాక్యం చెప్పేది ఆయనే, కానుకల సంచి ఇంటికి తీసుకెళ్లేదీ ఆయనే. చేయడానికి ఇంకెవరూ లేరు మరి. ఆ ఇరవై మంది రెండు వందలవుతారు. సహాయకులు వస్తారు, కమిటీలు పుడతాయి, తాళంచెవులు మాత్రం చేతులు మారవు. యూత్ లీడర్ అనే పేరున్న కుర్రాడు ఒక పాట మార్చాలన్నా ఫోన్ చేసి అడగాలి. మీ సంఘంలో ఏదైనా ఒక పరిచర్య బాధ్యుణ్ని తీసుకోండి. ఎవర్నీ అడక్కుండా ఆయన తీసుకోగల నిర్ణయాలు మూడు చెప్పమనండి. చెప్పలేకపోతే ఆయనకు అప్పగించింది చాకిరీ మాత్రమే.

నిర్గమకాండము 18లో యిత్రో తన అల్లుడు మోషేకు చెప్పిన సలహాను సంఘాల్లో తరచుగా ‘పని పంచుకోవడం’ అనే పాఠంగా చెబుతారు. అక్కడ పంచింది తీర్పు. వెయ్యిమందికి, నూరుమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతులను పెట్టమన్నాడు, చిన్న వ్యాజ్యాలు వాళ్లే తీర్చాలన్నాడు, కష్టమైనవే మోషే దగ్గరికి రావాలన్నాడు. పదిమంది మీద ఉన్న అధిపతి తీర్పు చెప్పాక మోషే దాన్ని మళ్లీ విచారించాలని ఎక్కడా లేదు. నాయకుడు నిజంగా పంచాడో లేదో తేలేది ఇక్కడే. కిందివాళ్లు తాను తీసుకోని నిర్ణయం తీసుకున్నప్పుడు, అది తనకు నచ్చకపోయినా ప్రమాదం లేనిదైతే, ఊరుకోగలడా?

ఊరుకోలేకపోతే జరిగేది ఎక్కడైనా ఒకటే. సొంతంగా ఆలోచించేవాళ్లు ముందు నీరసపడి, తర్వాత వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు సరే సరే అంటారు. చెడు కబురు చెవిన పడని నాయకుడు తప్పు నిర్ణయాలు తీసుకుంటాడు. అవి బెడిసికొట్టినప్పుడు చుట్టూ చూస్తే సమర్థుడైనవాడు ఒక్కడూ కనిపించడు. ‘చూశారా, నేను పట్టించుకోకపోతే ఏదీ జరగదు’ అంటాడు. అప్పటికి ఆ మాట నిజం కూడా అయిపోయి ఉంటుంది.

అమెరికాలోని సియాటిల్‌లో 1996లో మొదలైన మార్స్ హిల్ చర్చి ఐదు రాష్ట్రాల్లో 15 శాఖల దాకా పెరిగింది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన పాస్టర్ మార్క్ డ్రిస్కాల్ 2014 అక్టోబరులో రాజీనామా చేశారు. గర్వం, ముక్కు మీద కోపం, కఠినమైన మాట, పెత్తందారీ నాయకత్వం ఆయనలో ఉన్నాయని ఆ సంఘపు పాలకమండలే చెప్పింది. ఆ ఏడాది ముగిసేసరికి ఆ సంఘం విడిపోయింది. అందరూ 2014 గురించే మాట్లాడతారు. నన్నడిగితే చూడాల్సిన సంవత్సరం 2007. ఆ ఏడాది నియమావళి మార్చి అధికారాన్ని కొద్దిమంది చేతుల్లోకి తెచ్చారు. అభ్యంతరం చెప్పిన ఇద్దరు పెద్దలను తొలగించారు. ‘వద్దండీ’ అన్న మాటకు ఆ సంఘంలో తలుపు మూసుకున్నది అప్పుడు. ఆ తర్వాత కూడా సంఘం ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉంది, ఆ పెరుగుదలనే దేవుడి ఆమోదంగా చదువుకున్నారు.

పెద్దల మీటింగు ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. ఏడుగురు కూర్చున్నారు. ఎజెండా కాగితం లేదు. పాస్టరు గారు ప్రార్థనతో మొదలుపెడతారు, ఆ ప్రార్థనలోనే ‘ప్రభువా, కొత్త స్థలం కొనమని నువ్విచ్చిన దర్శనం కోసం నీకు వందనాలు’ అంటారు. అందరూ ఆమెన్ అనేసరికే నిర్ణయం అయిపోయింది. ఇక ఆ స్థలం వద్దన్నవాడు పాస్టరుతో కాదు, దేవుడితోనే విభేదించినట్టు. ఒకాయన గొంతు సవరించుకుంటాడు. పక్కాయన నేలకేసి చూస్తాడు. అప్పు ఎంత, నెల వాయిదా ఎంత, కానుకలు తగ్గితే ఎక్కణ్నుంచి కడతాం అన్న మూడు ప్రశ్నలు మూడు నోళ్లలో నాని అక్కడే ఆగిపోతాయి. ‘ఏకమనస్సుతో తీర్మానించడమైనది’ అని పుస్తకంలో రాస్తారు. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, ఆ గదిలోని మౌనంలో అంగీకారం అర్ధం కాదు, పావు వంతు కూడా లేదు.

దీనికి మందు వినయం మీద ఇంకో ప్రసంగం కాదు. మీటింగుకు ఏడు రోజుల ముందు ఎజెండా, లెక్కలతో సహా, కాగితం మీద ప్రతి పెద్ద చేతికీ అందాలి. స్థలం, అప్పు, ఉద్యోగ నియామకం లాంటి విషయాల మీద పాస్టరు అందరికంటే చివర మాట్లాడాలి. ఆయన ముందు మాట్లాడితే తర్వాతి ఆరుగురూ మాట్లాడేది ఆయన అభిప్రాయం గురించే తప్ప స్థలం గురించి కాదు. మొదటిసారి ప్రస్తావనకు వచ్చిన పెద్ద విషయాన్ని ఆ రోజే తేల్చకూడదు, కనీసం రెండు వారాలు ఆగాలి. ఓటు చీటీల మీద వేయాలి. ఒప్పుకోనివాళ్లుంటే వాళ్ల కారణం కూడా మినిట్స్‌లో రాయాలి. రెండేళ్ల తర్వాత వాయిదాలు కట్టలేకపోయిన రోజున ఆ రెండు వాక్యాలే సంఘానికి పాఠం నేర్పుతాయి. పెద్దల్లో పాస్టరు బంధువులు, సంఘం జీతం తీసుకునేవాళ్లు కలిపి మూడో వంతు మించకూడదు. మూడు నెలలకోసారి పాస్టరు లేకుండా పెద్దలు అరగంట కూర్చోవాలి, అది ఆయనకు తెలిసే జరగాలి. ఈ చివరి నియమానికే అన్నిటికంటే ఎక్కువ ప్రతిఘటన వస్తుంది, దాన్నిబట్టే దాని అవసరం ఎంతో అర్థమవుతుంది.

దర్శనం సంగతంటారా, ‘ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాటలాడవచ్చును, తక్కినవారు వివేచింపవలెను’ అని 1 కొరింథీయులకు 14లో ఉంది. వివేచించడానికి వీల్లేని దర్శనం పౌలు సంఘాల్లో లేదు. విధేయతను ప్రమాణం చేసి మఠంలో చేరినవాళ్ల కోసం 6వ శతాబ్దంలో బెనెడిక్టు రాసిన నియమావళి కూడా, ముఖ్యమైన పని వచ్చినప్పుడు మఠాధిపతి అందరినీ పిలిచి అడగాలంటుంది. మేలైన మాటను ప్రభువు తరచుగా చిన్నవాడికే బయలుపరుస్తాడని కారణం కూడా చెబుతుంది.

ఇక వచనాల దగ్గరికి వద్దాం. పెత్తనం నిలబడేది వాటి మీదే కాబట్టి కాస్త నిదానంగా చూడాలి.

‘నేనభిషేకించినవారిని ముట్టకూడదు.’ లెక్క అడిగినవాళ్ల మీద ఎక్కువగా విసిరే రాయి ఇదే. 105వ కీర్తనను 12వ వచనం నుంచి చదవండి. అక్కడ అభిషిక్తులంటే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. కొద్దిమంది, పరాయి దేశంలో తిరుగుతున్నవాళ్లు, ఏ అండా లేనివాళ్లు. వాళ్ల కోసం దేవుడు గద్దించింది రాజులను. బలవంతుడి నుంచి బలహీనుణ్ని కాపాడిన మాటను తీసుకుని బలవంతుడికి కవచంగా తొడిగాం. తనను చంపాలని తరుముతున్న రాజు సౌలు మీద, అభిషిక్తుడు కాబట్టి, చెయ్యి వేయనన్న దావీదును కూడా ఇదే పనికి వాడతారు. 1 సమూయేలు 24లో దావీదు సౌలును చంపలేదు, నిజమే. కానీ అంగీ చెంగు కోసి సాక్ష్యం దగ్గర పెట్టుకున్నాడు, గుహ బయటికొచ్చి దాన్ని చూపిస్తూ సౌలు చేస్తున్న అన్యాయాన్ని బిగ్గరగా చెప్పాడు. సౌలు ఏడ్చి, నీవు నాకంటే నీతిమంతుడివని ఒప్పుకున్నాక కూడా దావీదు ఆయన వెంట ఇంటికి వెళ్లలేదు, తన కొండస్థలానికే వెళ్లిపోయాడు. ఆధారం దాచుకోవడం, నిజం పైకి చెప్పడం, దూరంగా ఉండటం, ఈ మూడూ అభిషిక్తుణ్ని ముట్టకుండానే చేశాడు.

హెబ్రీయులకు 13:17లో నాయకులకు ‘లోబడియుండుడి’ అని ఉంది. నాయకులు అన్నది బహువచనం. అదే వచనం వాళ్లు లెక్క ఒప్పచెప్పవలసినవాళ్లని కూడా అంటోంది. ‘మాట విని’ అని మనం చదివే చోట ఉన్న గ్రీకు క్రియకు మూలార్థం నచ్చజెప్పబడటం. విషయం చెప్పి ఒప్పించేవాడుంటేనే ఆ మాటకు అర్థం. కొరింథు సంఘాన్ని స్థాపించిన పౌలే వాళ్లతో ‘మీ విశ్వాసము మీద మేము ప్రభువులమని’ చెప్పడం లేదన్నాడు. పేతురు తోటి పెద్దలకు ‘ప్రభువులైనట్టుండక’ మాదిరులుగా ఉండమన్నాడు.

ప్రశ్నించినవాళ్లను, మోషే మీద తిరగబడి నాశనమైన కోరహుతో పోల్చడం మరో అలవాటు. సంఖ్యాకాండము 16లోనే మోషే ‘ఒక్క గాడిదనైనను’ వాళ్ల దగ్గర తీసుకోలేదని చెప్పుకున్నాడు. సమూయేలు జనమందరి ముందు నిలబడి ఎవరి ఎద్దు తీసుకున్నానో చెప్పమన్నాడు. అడక్కముందే లెక్క చెప్పినవాళ్లను చూపించి లెక్క అడగొద్దంటే ఎలా?

లెక్కల మాట వచ్చింది కాబట్టి, కానుకలు ఎలా లెక్కించాలో స్పష్టంగా చెబుతాను. ఆరాధన ముగిసిన వెంటనే, అదే భవనంలో, ఒకరికొకరు బంధువులు కాని ఇద్దరు లెక్కించాలి. ఒకరు లెక్కించాక రెండోవాళ్లు మళ్లీ లెక్కించాలి. నోట్ల విలువలవారీగా పట్టిక రాసి, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ వేసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒక ప్రతి సంచిలో, ఒకటి పద్దులు రాసే మనిషికి, ఒకటి ఫైల్లో. బ్యాంకు తెరిచిన మొదటి రోజున మొత్తం డబ్బు జమ కావాలి. జమ కాకముందు దానిలోంచి ఏ ఖర్చుకీ, ఎంత చిన్నదైనా, తీయకూడదు. ‘పెట్రోలుకి కొంచెం తీసి మిగతాది వేద్దాం’ అన్న రోజునుంచి వచ్చినదానికీ జమైనదానికీ పొంతన ఉండదు, ఆ తర్వాత ఎంత పోయినా కనిపెట్టలేం. లెక్కించేవాళ్లు, జమచేసేవాళ్లు, పద్దు రాసేవాళ్లు, చెక్కు మీద సంతకం పెట్టేవాళ్లు వేర్వేరుగా ఉండాలి. చెక్కుకు రెండు సంతకాలు ఉండాలి, ఆ ఇద్దరూ భార్యాభర్తలు కాకూడదు. ఖాళీ చెక్కుల మీద ముందే సంతకాలు పెట్టించుకోవడం మానాలి. రెండు సంతకాల నియమం ఎక్కువగా చచ్చిపోయేది అక్కడే. ఫోన్‌లో పంపే కానుకలు సంఘం పేరున ఉన్న ఖాతాకే వెళ్లాలి. పాస్టరు సొంత ఖాతా తాలూకు క్యూఆర్ కోడ్ గోడకు అంటించి ఉంటే ఈ ఆదివారమే తీసేయండి. ఏడాదికోసారి బయటి ఆడిటర్ చూడాలి.

ఇదంతా అపనమ్మకమంటారు. 2 కొరింథీయులకు 8లో పౌలు యెరూషలేముకు చందా పంపిస్తూ తీతుతో పాటు మరో ఇద్దర్ని పెట్టాడు, వాళ్లలో ఒకరిని ఏర్పరచింది సంఘాలే. తన మీద ఎవరూ తప్పు మోపకుండా, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని ఆ పని చేశానన్నాడు.

డబ్బు కంటే లోతుగా పట్టుకునేది సమాచారం. ఒక స్త్రీ కాపురంలోని బాధ చెప్పుకుని ప్రార్థన చేయించుకుంటుంది. మూడు వారాల తర్వాత ప్రసంగంలో ‘మన మధ్యే ఒక సహోదరి’ అని మొదలవుతుంది. పేరు లేదు, కానీ రెండు వరసల వాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. ఆ రోజుతో ఆ సంఘంలో ఎవరూ నిజం చెప్పుకోరు. తన గుట్టు ఆయన దగ్గరుందని తెలిసినవాళ్లెవరూ ఆయనకు ఎదురు మాట్లాడరు. ఏకాంతంలో విన్న మాట చెప్పినవాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా ప్రసంగంలోకీ, ప్రార్థన గ్రూపులోకీ, పాస్టరు ఇంట్లోకీ వెళ్లకూడదు. పిల్లల మీద అఘాయిత్యం జరిగిందన్న మాట మాత్రం దీనికి పూర్తిగా మినహాయింపు. అది నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లాలి, సంఘం విచారణ జరపకూడదు.

పెళ్లి, ఉద్యోగం, ఇల్లు మారడం లాంటివాటికి అనుమతి తీసుకోవాలన్న పద్ధతి ఎక్కడికి దారితీస్తుందో చరిత్రలో ఉంది. 1970లలో అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ కేంద్రంగా ఐదుగురు పేరున్న బోధకులు ప్రతి విశ్వాసికీ ఒక సొంత కాపరి ఉండాలని, అతని ‘కప్పుదల’ కింద, అంటే అతని అధికారానికి లోబడి, నడవాలని నేర్పారు. ఉద్దేశం మంచిదే, క్రమం లేని కొత్త విశ్వాసులను శిష్యులుగా చేయడం. కొన్నేళ్లలోనే అది ఎవరిని పెళ్లాడాలో, ఏ పని చేయాలో కాపరి ఖరారు చేసేదాకా వెళ్లింది. ఆ ఐదుగురిలో డెరెక్ ప్రిన్స్ ముందే విడిపోయారు, బాబ్ మమ్‌ఫర్డ్ 1989లో బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మనుషుల్ని నిజంగా ప్రేమించిన బోధకుల చేతిలోనే ఇలా అయ్యింది. సలహాకూ అనుమతికీ మధ్య గీత చిన్నది. సలహా వినకపోయినా మర్నాటి ఆదివారం మీ పలకరింపు మారదు. అనుమతి అడక్కపోతే మారుతుంది.

పాస్టర్ల పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. చాలామంది పట్టు వదలకపోవడానికి కారణం అధికార దాహం కాదు, భయం. ఇరవై ఏళ్లు సేవ చేసిన మనిషికి రాసిచ్చిన జీతం లేదు, వృద్ధాప్యానికి పొదుపు లేదు, ఉంటున్న ఇల్లు కూడా సంఘానిది. పక్కకు తప్పుకుంటే కుటుంబం ఎక్కడ తలదాచుకోవాలి? అలాంటి మనిషిని అధికారం పంచమని అడిగితే ఆయన చెవికి అది వీధిన పడమన్నట్టే వినిపిస్తుంది. అందుకే సంస్కరణ కోరే పెద్దలు మొదట తేవాల్సిన కాగితం పాస్టరు హక్కులది. నెలజీతం ఎంత, ఏటా పెంపు ఎంత, వారానికి ఒక పూర్తి సెలవు, ఏడాదికి నాలుగు వారాల విశ్రాంతి, విరమణ నిధికి ప్రతినెలా సంఘం కట్టే వాటా, విరమణ తర్వాత ఎన్నాళ్లు ఆ ఇంట్లో ఉండొచ్చు. ఇవి రాసిచ్చాక అధికార పరిమితుల కాగితం తెస్తే వినే చెవి ఉంటుంది. పాస్టరును గుప్పిట్లో పెట్టుకుని జీతం ఆపి బెదిరించే కమిటీలూ ఉన్నాయి. అదీ ఇదే జబ్బు, కాబట్టి ఈ నియమాలు వాళ్లకూ వర్తించాలి.

లోపల నలుగుతున్న విశ్వాసి ఏం చేయాలి? ముందు రాసుకోవాలి. తేదీ, ఎవరున్నారు, అన్న మాట అన్నట్టుగా. ‘ఆయన అందరినీ అవమానిస్తారు’ అన్న ఫిర్యాదు ఎక్కడా నిలబడదు, ఫలానా ఆదివారం ఫలానా మాట అన్నారన్నది నిలబడుతుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, మీ మాట కంటే మీ పద్ధతే చర్చ అయిపోతుంది. మత్తయి 18 చూపించి ‘ముందు ఒంటరిగా ఆయన దగ్గరికెళ్లు’ అంటారు. సమానమైన సహోదరుల మధ్య అది మంచి దారి. కానీ మిమ్మల్ని వేదిక మీంచి పేరు పెట్టకుండా తిట్టగల మనిషి గదిలోకి ఒంటరిగా వెళ్లనక్కర్లేదు, ఇద్దరు సాక్షులతో వెళ్లండి. పెద్దల మీద ఫిర్యాదుకు 1 తిమోతి 5 కోరేదీ ఇద్దరు ముగ్గురు సాక్షులనే. పాపం చేసిన పెద్దను అందరి ఎదుట గద్దించమనీ అక్కడే ఉంది. ఫిర్యాదు రాసి, అందినట్టు సంతకం తీసుకుని, ముప్పై రోజులు గడువివ్వండి. సంఘం పైన అధ్యక్షులో, సినడో ఉంటే ఒక ప్రతి అక్కడికి పంపండి. పైన ఎవరూ లేని స్వతంత్ర సంఘమైతే బయటినుంచి ఇద్దరు అనుభవమున్న సేవకుల్ని పిలిపించమని అడగండి. వాళ్లను పాస్టరు ఒక్కడే ఎంచకూడదు. గడువు దాటినా జవాబు రాకపోతే, లేక జవాబుగా ‘తిరుగుబాటు ఆత్మ’ మీద ప్రసంగం వస్తే, వెళ్లిపోవడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వెళ్లేటప్పుడు చేతిలో ఉన్న తాళాలు, పద్దు పుస్తకాలు, సామాన్లు జాబితా రాసి అప్పగించండి, రసీదు తీసుకోండి. తర్వాత వచ్చే నిందల్లో సగం వీటి చుట్టూనే ఉంటాయి. దియొత్రెఫే గురించి యోహాను మూడో పత్రికలో ఉన్నది చూడండి. ప్రధానత్వం కోరాడు, చెడ్డమాటలు వదిరాడు, సహోదరులను చేర్చుకోలేదు, చేర్చుకోబోయినవాళ్లను వెలివేశాడు. వెళ్లిపోయిన కుటుంబంతో మాట్లాడొద్దని వేదిక మీంచి చెప్పే సంఘం సరిగ్గా ఆ నాలుగో పనే చేస్తోంది.

అలాంటి చోటునుంచి ఎవరైనా మీ సంఘానికి వస్తే ఆరునెలలపాటు ఏ బాధ్యతా అప్పగించకండి, ఎంత బాగా పాడినా, ఎంత బాగా బోధించినా. అక్కడేం జరిగిందని వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా అడక్కండి. ఒక ఆదివారం రాకపోతే ‘ఎందుకు రాలేదు’ అని ఫోన్ చేయకండి, ఆ ప్రశ్నకు జవాబు తయారు చేసుకునే వాళ్లు శనివారం రాత్రులు నిద్రపోకుండా గడిపారు. వెనక వరసలో తలుపు పక్కన కూర్చుంటామంటే అక్కడే రెండు కుర్చీలు వేయండి.